ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు యూఐడీ, జీఐడీ ఎవరిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల లినక్స్ సర్వర్లు చూసుకునేవారి కోసం ఈ పేజీ. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో పనిచేసేవారు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో బిల్లింగ్ సర్వర్ నడిపేవారు, రేణిగుంట వైపు చిన్న కంపెనీల్లో ప్రింటర్ నుంచి డేటాబేస్ దాకా అన్నీ ఒంటిచేత్తో చూసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కమాండ్ల పేర్లను నోటితో పలికినట్లే రాశాం. పాస్‌వర్డ్ ఫైలు అన్నప్పుడల్లా ఈటీసీ డైరెక్టరీలో ఉండే యూజర్ల పట్టిక అని, గ్రూప్ ఫైలు అంటే దాని పక్కనే ఉండే గ్రూపుల పట్టిక అని అర్థం చేసుకోండి. యూఐడీ అంటే యూజర్ నంబరు, జీఐడీ అంటే గ్రూప్ నంబరు.

నేను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేశాను. పాస్‌వర్డ్ ఫైలులో కొత్త యూజర్ ఎక్కడి నుంచి వచ్చాడు?

ప్యాకేజీయే చేర్చింది. సర్వర్ ప్రోగ్రాములను రూట్ (యంత్రం మీద సర్వాధికారాలున్న యూజర్) అధికారంతో నడపకూడదు. ప్రోగ్రాంలో లోపం ఉండి ఎవరైనా చొరబడితే యంత్రం మొత్తం వారి చేతికి పోతుంది. అందుకే ఒక్కో సేవకు ఒక్కో సిస్టమ్ యూజర్‌ను ప్యాకేజీలోని స్క్రిప్టు పుట్టిస్తుంది. ఆ యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు, లాగిన్ షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రాం) స్థానంలో ‘నోలాగిన్’ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం దీనికి మినహాయింపు. దాని నిర్వహణ కమాండ్లను ఆ యూజర్‌గా మారి నడపడం అలవాటు కాబట్టి డెబియన్‌లోనూ, రెడ్ హ్యాట్‌లోనూ దానికి బాష్ షెల్ ఇస్తారు. సెక్యూరిటీ ఆడిట్‌లో ఎవరైనా దాన్ని తప్పుగా ఎత్తి చూపితే కంగారు పడకండి.

పేరు ముఖ్యమా, నంబరు ముఖ్యమా?

నంబరే. కెర్నల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, పేర్లు తెలియవు. ఫైలు ఎవరిదో డిస్కు మీద రాసేటప్పుడు రెండు అంకెలే రాస్తారు: యూజర్ నంబరు, అంటే యూఐడీ, గ్రూప్ నంబరు, అంటే జీఐడీ. ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టినప్పుడు కనిపించే పేర్లు ఆ క్షణంలో ఆ యంత్రంలోని పాస్‌వర్డ్ ఫైలు, గ్రూప్ ఫైలు చూసి తెచ్చినవి. ‘ఎల్ఎస్ మైనస్ ఎల్ఎన్’ కొడితే పేర్లు పోయి డిస్కులో నిజంగా ఉన్న అంకెలు బయటపడతాయి. ఈ పేజీలో ఒక్క కమాండే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే అది ఇదే కావాలి.

అలిపిరిలో నడకదారి భక్తుల సామాన్లు తీసుకునే కౌంటర్‌ను తలచుకోండి. కొండపైన సంచిని తిరిగి ఇప్పించేది చేతిలోని రసీదు నంబరు. అదే నంబరు ఇంకొకరి చేతిలో ఉంటే సంచి వారికి వెళ్తుంది, లోపల ఎవరి బట్టలున్నా సరే. లినక్స్‌లో ఫైలు పరిస్థితీ అంతే. ఈ పేజీలో వచ్చే చిక్కులన్నీ దాదాపుగా ఇక్కడి నుంచే పుడతాయి.

ఆ నంబరును ఎవరు నిర్ణయిస్తారు?

కొన్నిటిని డిస్ట్రిబ్యూషన్ (డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకం) తయారుచేసేవారు ముందే నిర్ణయించి ఉంచుతారు. మిగతావి ఇన్‌స్టాల్ అయ్యే సమయంలో ఆ యంత్రంలో ఖాళీగా ఉన్నవాటిలోంచి వస్తాయి.

డెబియన్, దాని దారిలో నడిచే ఉబుంటు తీసుకుందాం. 0 నుంచి 99 వరకు ప్రాజెక్టు మొత్తానికి శాశ్వతంగా కేటాయించినవి. వెబ్ సర్వర్ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అనే యూజర్ ఎక్కడైనా 33. 100 నుంచి 999 వరకు సిస్టమ్ యూజర్లకు అప్పటికప్పుడు ఇచ్చేవి. 1000 నుంచి 59999 వరకు మనుషులకు. 60000 నుంచి 64999 వరకు ఉన్నవి కూడా ప్రాజెక్టు కేటాయించేవే కానీ, అవసరమైన ప్యాకేజీ వచ్చినప్పుడు మాత్రమే ఆ యూజర్‌ను పుట్టిస్తారు. 65534 ‘నోబడీ’ది.

ఫెడోరా, రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా కుటుంబంలో గీత వేరే చోట ఉంటుంది. 200 వరకు స్థిరమైనవి, 201 నుంచి 999 వరకు అప్పటికప్పుడు ఇచ్చేవి. అక్కడ పోస్ట్‌గ్రెస్ 26, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ 27, అపాచీ 48, ఎస్ఎస్‌హెచ్‌డీ 74. ఎన్‌జిన్‌ఎక్స్‌కు మాత్రం స్థిరమైన నంబరు లేదు. ఈ జాబితా ‘సెటప్’ అనే ప్యాకేజీ డాక్యుమెంట్లలో యూఐడీజీఐడీ అనే ఫైలుగా మీ యంత్రంలోనే ఉంటుంది. మనుషుల నంబర్లు రెడ్ హ్యాట్ 6 వరకు 500 నుంచి, 7 నుంచి 1000 నుంచి మొదలవుతాయి. పాత సెంట్‌ఓఎస్ 6 ల్యాబ్ సర్వర్ నుంచి విద్యార్థుల ఖాతాలు తెస్తున్నవారు ఈ ముక్క మరచిపోవద్దు. వారి 500ల నంబర్లు ఇప్పుడు సిస్టమ్ యూజర్ల గదిలో పడతాయి.

రెండు సర్వర్లలోనూ ఒకే ఉబుంటు వేశాం. ఒకదానిలో పోస్ట్‌గ్రెస్ 112, ఇంకొకదానిలో 117 వచ్చింది. ఎందుకు?

ఇన్‌స్టాల్ చేసిన వరుస వేరు కాబట్టి. డెబియన్ కుటుంబంలో చాలా ప్యాకేజీలు ‘యాడ్‌యూజర్’ అనే స్క్రిప్టును సిస్టమ్ ఆప్షన్‌తో పిలుస్తాయి. అది 100 నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లి మొదట దొరికిన ఖాళీని తీసుకుంటుంది. ఒక సర్వర్‌లో మెయిల్ ప్యాకేజీ ముందు వేసి, ఇంకొకదానిలో తర్వాత వేస్తే ఆ తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. యూఐడీ ఒకటి, జీఐడీ ఇంకొకటి కావడమూ మామూలే. యూజర్ లేకుండా గ్రూపును మాత్రమే చేర్చే ప్యాకేజీలు ఉన్నాయి కాబట్టి రెండు లెక్కలూ కలిసి నడవవు.

రెడ్ హ్యాట్ వైపు ‘యూజర్‌యాడ్ మైనస్ ఆర్’ వాడుక ఎక్కువ. అది 999 నుంచి కిందికి దిగుతుంది. సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలో భాగమైన ‘సిస్‌యూజర్స్’ కూడా పైనుంచే దిగుతుంది. అందుకే ఇటీవలి డెబియన్‌లోనూ సిస్టమ్‌డీ నెట్‌వర్క్ యూజర్ 998 లాంటి చోట కూర్చుంటుంది, దాని పక్క ప్యాకేజీ 100ల్లో ఉంటుంది. రెండు చివరల నుంచీ నింపుకుంటూ వస్తారన్నమాట. మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీతో మనకు కింద పని ఉంది.

ఒకే డిస్క్ ఇమేజ్‌ను ల్యాబులోని యంత్రాలన్నిటికీ కాపీ చేస్తే మొదట అన్నిటిలో ఒకే నంబర్లు ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో యంత్రంలో ఒక్కోటి ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడితే మళ్లీ ఎవరి దారి వారిదే.

ఉబుంటు సర్వర్ డిస్కును రాకీ లినక్స్‌కు తగిలిస్తే వెబ్‌సైట్ ఫైళ్ల గ్రూపు ‘టేప్’ అని కనిపిస్తోంది. వైరస్ ఏమైనా వచ్చిందా?

రాలేదు. ఉబుంటులో 33 వెబ్ సర్వర్ గ్రూపు. రెడ్ హ్యాట్ కుటుంబంలో 33 టేప్ డ్రైవుల గ్రూపు. డిస్కులో ఉన్నది 33 మాత్రమే. ఎవరి పట్టిక చూసి వారు చదివారు.

దీనికి ఎదురు దారిలో ఇంకా ఆసక్తికరమైనది ఉంది. రాకీలో మరియాడీబీ ఫైళ్లకు గ్రూపు 27. డెబియన్, ఉబుంటుల్లో 27 ‘సుడో’ గ్రూపు, అంటే రూట్ అధికారం తీసుకోగల అడ్మిన్ల గ్రూపు. కాబట్టి ఆ డేటా డైరెక్టరీని అంకెలు మారకుండా ఉబుంటుకు తెస్తే డేటాబేస్ ఫైళ్లన్నీ సుడో గ్రూపు సొత్తుగా కనిపిస్తాయి. గ్రూపుకు రాసే అనుమతి ఉన్న డైరెక్టరీల్లోని ఫైళ్లను అడ్మిన్లు సుడో కొట్టకుండానే చెరపగలరు. అంటే పొరపాటున చేతిలోంచి జారే డిలీట్ కమాండ్‌కు అడ్డుండదు. ఒక డిస్ట్రిబ్యూషన్ నుంచి ఇంకొకదానికి వెళ్లేటప్పుడు డేటాబేస్‌ను డంప్ (డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా రాసుకోవడం) తీసి ఎక్కించడమే మేలని మేం చెప్పే కారణాల్లో ఇదొకటి.

చిత్తూరులో మా గుజ్జు యూనిట్ సర్వర్‌ను మామిడి సీజన్ ముగిశాక ఆపేస్తాం. ఈసారి కొత్త ఓఎస్ వేసి పాత డేటా డిస్కు తగిలిస్తే పోస్ట్‌గ్రెస్ మొదలవడం లేదు.

లాగ్ చూడండి. డేటా డైరెక్టరీ యాజమాన్యం తప్పుగా ఉందని, ఆ డైరెక్టరీ ఎవరిదో ఆ యూజరే సర్వర్‌ను మొదలుపెట్టాలని రాసి ఉంటుంది. పాత ఓఎస్‌లో పోస్ట్‌గ్రెస్ 112 అయి, కొత్తదానిలో 117 అయితే జరిగేది ఇదే. 112 ఇప్పుడు ఇంకేదో సేవకు చెంది ఉంటుంది.

ముందుగా ఆ డిస్కు మీద ‘ఎల్ఎస్ మైనస్ ఎల్ఎన్’ కొట్టి పాత నంబరు తెలుసుకోండి. డేటా డైరెక్టరీ మొత్తం పోస్ట్‌గ్రెస్ ఒక్కడిదే అయితే యజమానిని మార్చే ‘చోన్ మైనస్ క్యాపిటల్ ఆర్’తో కొత్త యూజర్‌కు మార్చేస్తే సరిపోతుంది. డైరెక్టరీ అనుమతి 700 (యజమానికే) గానీ 750 (గ్రూపు కూడా చదవగలదు) గానీ ఉండాలి. అంతకు మించి తెరిచి ఉంటే అది మొండికేస్తుంది. తొందరలో 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, ఇచ్చేవారికి ఇది మంచి గుణపాఠమే.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. ప్రధాన వెర్షన్ అదే అయి ఉండాలి; 13 డేటాను 15 నేరుగా తెరవదు. వెర్షన్ అదే అయినా, పాత ఓఎస్‌లో గ్లిబ్‌సీ (లినక్స్ ప్రాథమిక లైబ్రరీ) 2.28కి ముందుదై కొత్తదానిలో తర్వాతిదైతే అక్షరక్రమం మారి ఇండెక్సులు తప్పుతాయి, రీఇండెక్స్ చేయాలి. యాజమాన్యం సరిచేసి సర్వర్ లేచిందని సంబరపడి అక్కడే ఆగిపోతే, అసలు నష్టం కాటా చీటీలు వెతికినప్పుడు తెలుస్తుంది.

అయితే ప్రతి ప్యాకేజీకీ నంబరు ముందే నేనే నిర్ణయించాలా?

అక్కర్లేదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ యూజర్ రాసే ఫైళ్లు ఎప్పటికైనా ఈ యంత్రం దాటి బయటకు వెళ్తాయా? ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచే పద్ధతి) మీద పంచుకుంటున్నారా? డిస్కు ఊడదీసి ఇంకో దానికి తగిలిస్తారా? కంటైనర్ (డాకర్ లాంటి దానిలో విడిగా నడిచే ప్రోగ్రాం)తో డైరెక్టరీ పంచుకుంటున్నారా? ఒకటి పడిపోతే ఇంకొకటి లేచేలా రెండు సర్వర్ల మధ్య ఉమ్మడి స్టోరేజీ ఉందా? ఒక్కదానికైనా అవునంటే ఆ యూజర్ నంబరు మీరే నిర్ణయించండి, ఇన్‌స్టాల్‌కు ముందే. అన్నిటికీ కాదంటే ప్యాకేజీకి వదిలేయండి. టైమ్ సింక్ చేసే సేవకు, ప్రింటర్ సేవకు నంబర్లు నిర్ణయిస్తూ కూర్చోవడం వృథా శ్రమ. కొందరు ప్రతి సిస్టమ్ యూజర్‌కూ పట్టిక గీసి ఉంచుతారు. ఆరు నెలలకు ఆ పట్టిక ఒకటి చెబుతుంది, సర్వర్ ఇంకొకటి చెబుతుంది. పట్టిక లేకపోవడం కన్నా తప్పుడు పట్టిక చేటు.

మా అనుభవంలో చిన్న సంస్థల్లో ఈ లెక్కలోకి వచ్చేవి డేటాబేస్, వెబ్ అప్‌లోడ్లు రాసే యూజర్, బ్యాకప్ యూజర్, సొంతంగా రాసుకున్న అప్లికేషన్ యూజర్. అంతకు మించి ఉండవు.

ముందే నిర్ణయించడం ఎలా? ప్యాకేజీ నా మాట వింటుందా?

వింటుంది. సక్రమంగా తయారైన ప్యాకేజీ స్క్రిప్టు ముందుగా ఆ పేరుతో యూజర్ ఉన్నాడా అని ‘గెట్‌ఎంట్’ కమాండ్ ద్వారానో మరో విధంగానో చూస్తుంది, ఉంటే తాకదు. కాబట్టి ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టే ముందే గ్రూపును, యూజర్‌ను మీకు కావలసిన నంబరుతో చేర్చేయండి. ఉదాహరణకు ‘గ్రూప్‌యాడ్ మైనస్ ఆర్ మైనస్ జీ 612 పోస్ట్‌గ్రెస్’. తర్వాత ‘యూజర్‌యాడ్’కు మైనస్ ఆర్, మైనస్ యూ 612, మైనస్ జీ పోస్ట్‌గ్రెస్, మైనస్ డీ తర్వాత హోమ్ డైరెక్టరీ, మైనస్ ఎస్ తర్వాత షెల్. హోమ్, షెల్ ప్యాకేజీ మామూలుగా ఏవి ఇస్తుందో అవే ఇవ్వాలి. యూజర్ అప్పటికే ఉన్నాడని స్క్రిప్టు పక్కకు తప్పుకుంటుంది కాబట్టి తప్పు హోమ్ ఇస్తే సరిదిద్దేవారు ఉండరు. ఇంతకుముందు ఆ ప్యాకేజీ వేసిన వేరే యంత్రంలో పాస్‌వర్డ్ ఫైలు వరుస చూసి రాసుకోవడం తేలిక దారి.

డెబియన్ కుటుంబంలో ఒక మెలిక ఉంది. మీరిచ్చే నంబరు 100 నుంచి 999 మధ్యే ఉండాలి. 5000 లాంటిది ఇస్తే, ఈ పేరుతో యూజర్ ఉన్నాడు కానీ సిస్టమ్ యూజర్ కాదని యాడ్‌యూజర్ తప్పు చూపిస్తుంది, ఇన్‌స్టాల్ మధ్యలో నిలిచిపోవచ్చు.

సర్వర్లను స్వయంచాలకంగా సెటప్ చేసే ఆన్సిబుల్ వాడేవారు గ్రూప్, యూజర్ టాస్కులను ప్యాకేజీ టాస్కు కన్నా పైన రాస్తే చాలు.

సొంతానికి ఏ నంబర్లు వాడుకోవాలి?

మేం 600 నుంచి 699 వరకు వాడతాం. ఇది ఎవరి ప్రమాణమూ కాదు. డెబియన్ కింది నుంచి ఎక్కుతుంది, రెడ్ హ్యాట్ పైనుంచి దిగుతుంది; మామూలు సర్వర్‌లో రెండూ 600ల దాకా రావు. రెండు కుటుంబాల్లోనూ ఇది సిస్టమ్ యూజర్ల పరిధిలోనే ఉంటుంది. యూఐడీ, జీఐడీ రెండిటికీ ఒకే అంకె ఇవ్వండి, చూడగానే తెలుస్తుంది. పాత సెంట్‌ఓఎస్ 6 ఖాతాలు ఉన్నచోట మాత్రం 600ల్లో విద్యార్థులు కూర్చుని ఉండవచ్చు. అక్కడ ముందు ‘గెట్‌ఎంట్ పాస్‌వర్డ్’ జాబితా తీసి చూసుకోవాలి.

100 కన్నా తక్కువ నంబర్లను ఖాళీగా కనిపిస్తున్నాయని తీసుకోకండి. డెబియన్ ప్యాకేజీలు తెచ్చే ఏపీటీ డౌన్‌లోడ్లకు వాడే అండర్‌స్కోర్ ఏపీటీ యూజర్ చాలా ఏళ్లు చాలా యంత్రాల్లో 100గా ఉండి, డెబియన్ 12లో 42 అనే స్థిరమైన నంబరుకు మారింది. ఈ రోజు ఖాళీగా ఉన్నది రేపటి వెర్షన్‌లో ఎవరికైనా ఇవ్వవచ్చు.

ఇప్పటికే వేర్వేరు నంబర్లు వచ్చేశాయి. మార్చవచ్చా?

మార్చవచ్చు. పని చిన్నదే కానీ వరుస తప్పకూడదు. ముందు సేవను ఆపండి. ఆ యూజర్ పేరిట ప్రాసెస్ నడుస్తుంటే ‘యూజర్‌మాడ్’ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. పాత యూఐడీ, జీఐడీ కాగితం మీద రాసుకోండి. ‘యూజర్‌మాడ్ మైనస్ యూ’ యూజర్ నంబరును, ‘గ్రూప్‌మాడ్ మైనస్ జీ’ గ్రూపు నంబరును మారుస్తాయి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. యూజర్‌మాడ్ హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లను మాత్రమే సరిచేస్తుంది. గ్రూప్‌మాడ్ ఏ ఫైలునూ తాకదు. లాగ్ డైరెక్టరీలో, స్పూల్‌లో, విడిగా మౌంట్ చేసిన డిస్కుల్లో పాత అంకెలే ఉంటాయి. వాటిని ‘ఫైండ్’తో వెతకాలి. మైనస్ యూఐడీ తర్వాత పాత నంబరు ఇచ్చి, దొరికినవాటికి ‘చోన్ మైనస్ హెచ్’ నడపాలి. మైనస్ హెచ్ లేకపోతే సింబాలిక్ లింకును వదిలి అది చూపే అసలు ఫైలును మారుస్తుంది. అది మీ ఫైలే కానవసరం లేదు. గ్రూపుకు మైనస్ జీఐడీ, ‘సీహెచ్‌గ్రూప్’తో ఇదే పని. మైనస్ ఎక్స్‌డెవ్ వాడితే ఒక్క ఫైల్‌సిస్టమ్‌కే పరిమితం అవుతుంది కాబట్టి ఒక్కో మౌంటుకు విడివిడిగా నడపాలి.

రెండు సంగతులు తర్వాత కరుస్తాయి. యాజమాన్యం మారిన ప్రోగ్రాం ఫైళ్ల మీద సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్లు, ఫైల్ కేపబిలిటీలు (ప్రోగ్రాంకు అదనపు అధికారమిచ్చే గుర్తులు) ఎగిరిపోతాయి, మళ్లీ పెట్టాలి. ఏసీఎల్‌లలో (ఒక్కో యూజర్‌కు విడిగా ఇచ్చే అనుమతుల జాబితాల్లో) రాసి ఉన్న యూజర్లూ అంకెలే. వాటిని ఫైండ్ చూడదు, ‘గెట్‌ఎఫ్ఏసీఎల్’తో వెతుక్కోవాలి.

రెడ్ హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీ ఫైళ్ల వరకు ఒక ఊరట ఉంది. ‘ఆర్‌పీఎం మైనస్ క్యాపిటల్ వీ’ యాజమాన్యం తేడాలను యూ, జీ అక్షరాలతో చూపిస్తుంది, ‘సెట్‌యూజీఐడీస్’ ఆప్షన్ వాటిని సరిచేస్తుంది. మీ డేటా ఫైళ్లు ప్యాకేజీవి కావు కాబట్టి వాటికి ఇది పనికిరాదు.

ప్యాకేజీ తీసేశాను. యూజర్‌ను కూడా తీసేయాలా?

వద్దు. యూజర్‌ను తీసేస్తే నంబరు ఖాళీ అవుతుంది. తర్వాత వచ్చే ప్యాకేజీకి అదే నంబరు దొరకవచ్చు. అప్పుడు డిస్కులో ఎక్కడో మిగిలిన పాత లాగులు, పాత డంపులు, వాటిలోని వినియోగదారుల వివరాలు కొత్త సేవ చేతికి వెళ్తాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ప్యాకేజీ తీసినా యూజర్‌ను వదిలేయమని ఫెడోరా ప్యాకేజింగ్ నియమాలు చెప్పడానికి కారణం ఇదే. పాస్‌వర్డ్ ఫైలులో ఒక వరుస ఎక్కువ ఉన్నంత మాత్రాన బరువేమీ పెరగదు.

తీయక తప్పదంటే ముందు ఫైండ్‌తో ఆ నంబరు ఫైళ్లన్నీ వెతికి తీర్మానం చేయండి. అప్పటికే తీసేసి ఉంటే ‘ఫైండ్’కు మైనస్ నోయూజర్, మైనస్ నోగ్రూప్ ఇస్తే అనాథ ఫైళ్లు బయటకు వస్తాయి.

డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ నడుపుతున్నాం. బయట వాల్యూమ్ డైరెక్టరీ యజమాని ‘సిస్టమ్‌డీ కోర్‌డంప్’ అని కనిపిస్తోంది.

కంటైనర్‌కు దాని సొంత పాస్‌వర్డ్ ఫైలు ఉంటుంది. డెబియన్ ఆధారిత అధికారిక పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో ఆ యూజర్ 999. మీ హోస్టులో 999 ఎవరిదో ఆ పేరు బయట కనిపిస్తుంది. ఉబుంటు 20.04లో చాలాచోట్ల అది సిస్టమ్‌డీ కోర్‌డంప్, సెంట్‌ఓఎస్ 7లో పోల్‌కిట్‌డీ. పేరు వింతగా ఉందని చోన్ కొట్టి ‘సరిచేయకండి’. సరిచేసిన మరుక్షణం కంటైనర్ తన డేటాను తానే తెరవలేదు.

ఆల్పైన్ ఆధారిత ఇమేజ్‌లో అదే పోస్ట్‌గ్రెస్ యూజర్ 70. చిన్న ఇమేజ్ కదా అని 999 నుంచి 70కి ట్యాగ్ మార్చి పాత వాల్యూమ్ తగిలిస్తే చిక్కే. డాకర్ లాంటిదే అయినా రూట్ లేకుండా నడిచే పాడ్‌మన్‌లో లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. లోపలి నంబర్లు (రూట్ తప్ప) ‘సబ్‌యూఐడీ’ ఫైలులో మీకు కేటాయించిన 65536 నంబర్ల పరిధిలోకి మారి బయట 100000కు పైన కనిపిస్తాయి.

ల్యాబులో హోమ్ డైరెక్టరీలు ఎన్ఎఫ్ఎస్ మీద ఉన్నాయి. ఒక విద్యార్థికి ఇంకొకరి ఫైళ్లు తెరుచుకుంటున్నాయి.

మామూలు ఎన్ఎఫ్ఎస్‌లో క్లయింట్ యంత్రం పంపే నంబరునే సర్వర్ నమ్ముతుంది. రెండు యంత్రాల్లో విడివిడిగా ఖాతాలు చేర్చారు, ఇద్దరికీ 1003 వచ్చింది. సర్వర్ దృష్టిలో ఇద్దరూ ఒకరే. ఖాతాలను ఒక్కచోట, ఎల్‌డ్యాప్ (ఖాతాల కేంద్ర పట్టిక) లాంటి దానిలో ఉంచడమే పరిష్కారం. ఒక బ్యాచ్ వెళ్లిపోయాక వారి నంబర్లను కొత్త బ్యాచ్‌కు ఇవ్వకండి. నంబర్లకు కరువేమీ లేదు, కెర్నల్ 2.4 నుంచి అవి 32 బిట్లు. ఈ పద్ధతిలో సర్వర్‌కు వెళ్లే గ్రూపుల జాబితా మాత్రం 16తో ఆగుతుంది. ఒక్కరిని ఇరవై గ్రూపుల్లో చేర్చి అనుమతి రావడం లేదని వెతికేవారు ఇది చూసుకోవాలి.

ఎల్‌డ్యాప్ ఉంది కదా, సిస్టమ్ యూజర్లను కూడా అందులోనే పెడితే?

వద్దు. యంత్రం బూట్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ రాకముందే కొన్ని సేవలు మొదలవ్వాలి. అప్పుడు వాటి యూజర్ ఎవరో తెలియక పడిపోతాయి. మనుషులు ఎల్‌డ్యాప్‌లో, సేవలు ఆయా యంత్రంలో.

బ్యాకప్ తీసి తిరిగి ఎక్కిస్తే నంబర్లు ఉంటాయా, పేర్లు ఉంటాయా?

రూట్‌గా నడిపినప్పుడు ‘ఆర్‌సింక్’, ‘టార్’ రెండూ మామూలుగా పేరును చూసి, ఇక్కడ ఆ పేరుకు ఏ నంబరుందో ఆ నంబరు రాస్తాయి. పేరు దొరక్కపోతే పాత నంబరే. నడుస్తున్న సర్వర్ నుంచి నడుస్తున్న సర్వర్‌కు ఇది మంచిదే. పెన్‌డ్రైవ్‌లోని లైవ్ లినక్స్ నుంచి బూట్ చేసి మొత్తం సిస్టమ్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు మాత్రం ప్రమాదం. ఆ లైవ్ సిస్టమ్ పాస్‌వర్డ్ ఫైలు వేరు. అప్పుడు టార్‌కు ‘న్యూమరిక్ ఓనర్’, ఆర్‌సింక్‌కు ‘న్యూమరిక్ ఐడీస్’ ఇవ్వండి.

మా అప్లికేషన్‌కు మేమే ప్యాకేజీ చేస్తున్నాం. యూజర్‌ను ఎక్కడ చేర్చాలి?

రెడ్ హ్యాట్ కుటుంబపు ఆర్‌పీఎం ప్యాకేజీలో ఫైళ్లు పరచుకోవడానికి ముందే యూజర్ ఉండాలి, అందుకే ‘ప్రీ’ స్క్రిప్టులో చేర్చేవారు. లేకపోతే ఆ యూజర్ లేడు, రూట్‌ను వాడుతున్నా అని హెచ్చరించి ఫైళ్లను రూట్ పేరిట పడేస్తుంది. ఆ హెచ్చరిక వరుసల మధ్యలో కొట్టుకుపోతుంది. డెబియన్‌లో ఫైళ్లను రూట్ పేరిటే ఉంచి, ‘పోస్ట్‌ఇన్‌స్ట్’ స్క్రిప్టులో యూజర్‌ను చేర్చాక అవసరమైన డైరెక్టరీలకు చోన్ చేస్తారు. అక్కడ యాడ్‌యూజర్‌కు సిస్టమ్ ఆప్షన్‌తో పాటు గ్రూప్ ఆప్షన్ తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే మీ యూజర్ ‘నోగ్రూప్’లో పడతాడు, అక్కడ ఇంకెందరో ఉంటారు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మా సలహా సిస్‌యూజర్స్ ఫైలు. యూ అక్షరం, పేరు, నంబరు లేదా దాని బదులు చిన్న గీత, వివరణ, హోమ్, షెల్: ఒక్క వరుస. షెల్ స్క్రిప్టు రాయనక్కర్లేదు. ఆర్‌పీఎం 4.19 నుంచి దీన్ని నేరుగా అర్థం చేసుకుంటుంది, డెబియన్‌లో ‘డీహెచ్ ఇన్‌స్టాల్ సిస్‌యూజర్స్’ ఉంది. నంబరు చోట గీత పెట్టండి. బయటివారికి ఇచ్చే ప్యాకేజీలో 612 అని స్థిరంగా రాస్తే అది వారి యంత్రంలో ఇంకెవరిదో కావచ్చు.

అన్ని సేవలనూ ‘నోబడీ’ పేరిట నడిపితే ఈ గొడవ ఉండదు కదా?

గొడవ పెరుగుతుంది. రెండు సేవలు ఒకే యూజర్ అయితే ఒకదానిలో దూరినవాడు రెండోదాని ఫైళ్లు చదువుతాడు, దాని ప్రాసెస్‌ను ఆపగలడు. పైగా ఎన్ఎఫ్ఎస్ రూట్‌ను తగ్గించి చూపేది 65534గానే, కెర్నల్ తనకు మ్యాపింగ్ తెలియని యజమానులను చూపేదీ 65534గానే. నోబడీకి ఏ ఫైలూ సొంతం కాకూడదు.

డిస్కులో ఏమీ శాశ్వతంగా దాచని చిన్న సేవ అయితే సిస్టమ్‌డీ యూనిట్‌లో ‘డైనమిక్‌యూజర్’ పెట్టండి. సేవ నడిచినంతసేపు 61184 నుంచి 65519 మధ్య ఒక నంబరు పుడుతుంది, ఆగగానే పోతుంది.

రెండు పేర్లకు ఒకే యూఐడీ ఇవ్వవచ్చా?

యూజర్‌యాడ్‌లో మైనస్ ఓ ఇస్తే అనుమతిస్తుంది. కెర్నల్‌కు వారిద్దరూ ఒకరే, లాగుల్లో ఎవరి పేరు వస్తుందో మీకే తెలియదు. ఇవ్వకండి.

నంబర్లు ఎంతవరకైనా ఇవ్వవచ్చా?

65535ను, 4294967295ను వదిలేయండి. మొదటిది 16 బిట్లలో, రెండోది 32 బిట్లలో మైనస్ ఒకటికి సమానం. చోన్ సిస్టమ్ కాల్‌కు మైనస్ ఒకటి ఇస్తే యజమానిని మార్చవద్దని అర్థం. ఆ నంబరున్న యూజర్‌కు ఫైలు రాసిచ్చినా ఏమీ జరగదు.